ఎదురు రమ్మన్న హవల్దారు

ఈ కబురు నాకు మొదట చెప్పింది పూల ఓబులమ్మ. రోజూ మూర పూలు కొలిచి, గూట్లో పెట్టి, మాట్లాడకుండా వెళ్లిపోయే మనిషి. ఆ రోజు మాత్రం బుట్ట దించి అరుగు మీద కూర్చుంది. నంద్యాలలో కూతురింటికి వెళ్లి ముందురోజే తిరిగి వచ్చిందట.

"అమ్మా, మీ పెరటింట్లో బాడిగకుండె మిల్ట్రీ ఆయప్ప లేడూ, హవల్దారు. పోయినాడమ్మా. పది దినాలు దాటిందంట. నా బిడ్డోళ్ల వీధిలోనే. కుర్చీలో కూచున్నోడు కూచున్నట్టే పోయినాడంట."

స్వామికి పెట్టాల్సిన పూలు ఆ పూట చాలాసేపు నా ఒళ్లోనే ఉండిపోయాయి. ఓబులమ్మే లేచి లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చిచ్చింది. ఆమె చెప్పకపోతే నాకు ఎప్పటికి తెలిసేదో. ఆ తల్లికి రుణపడి ఉన్నాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. తన గురించి నలుగురూ మాట్లాడుకోవడం ఆయనకు గిట్టేది కాదు. అసలు మా వీధిలో ఆయన పేరు తెలిసినవాళ్లే తక్కువ. హవల్దారు అంటే ఆయనే.

ఆళ్లగడ్డలో మాది అంగళ్ల వీధి. మా ఆయన చిన్న వయసులోనే పోయాడు. అంగడి బాడిగకిచ్చి, ఆ వచ్చేదానితో మా అత్తగారూ నేనూ కాలం గడుపుతుండేవాళ్లం. మామగారు అంతకు చాలా ముందే పోయారు. ఒకే కప్పు కింద ఇద్దరమూ బొట్టు లేని వాళ్లం. పెరటి వైపు రెండు గదులు ఖాళీగా ఉంటే, దొర్నిపాడు దగ్గరి పల్లె నుంచి హవల్దారు భార్య కూతురి చదువు కోసం వచ్చి చేరింది. ఆయన సెలవు మీద వచ్చినప్పుడే మాకు కనిపించేవాడు.

మొదటిసారి వచ్చిన రోజు మా వంటింటి గడప బయట నిలబడి, గొంతు సవరించుకొని, "లోపలికి రావచ్చునా అక్కా?" అని అడిగాడు. తలుపు బార్లా తెరిచే ఉంది. నేను ఎదురుగానే కూర్చొని బియ్యం ఏరుకుంటున్నాను. అయినా నేను "రా నాయనా" అనేదాకా గడప దాటలేదు. ఆ తరవాత ఎన్నేళ్లు వచ్చినా, ఎన్నిసార్లు వచ్చినా అదే ప్రశ్న. మా అత్తగారికి ఒకసారి విసుగొచ్చింది.

"వాకిలి తీసే ఉండాది కదప్పా. ఊరికూరికే ఎందుకడుగుతావు?"

"తీసుండే వాకిలి కాడే అడగాలవ్వా. మూసుంటే తట్టొచ్చు."

అవ్వ అనడం ఆయన దగ్గరే మొదలైంది. తరవాత నాకూ అలవాటైపోయి, మా అత్తగారిని నేనూ అవ్వ అనే అంటూ వచ్చాను.

ఆయన చెప్పులు ఎప్పుడూ వాకిలి బయట జంటగా, ముక్కులు వీధి వైపు తిరిగి ఉండేవి. ఏ క్షణాన పిలుపొచ్చినా కాళ్లు దూర్చి వెళ్లిపోవడానికి అన్నట్టు. తువ్వాలు మడిస్తే ఇటుకలాగా ఉండేది. మా ఇంట్లో ఎన్నడూ కూర్చొని టీ తాగలేదు. నిలబడే తాగి, లోటా తనే కడిగి బోర్లించి, "ఠీక్" అనేవాడు. దేనికైనా ఆ మాటే. కూతురికి మార్కులొచ్చాయన్నా ఠీక్, వానపడి శనగ దెబ్బతినిందన్నా ఠీక్.

"పంట పోతే ఠీకేందప్పా?" అని అవ్వ కోప్పడింది ఒకసారి.

"ఠీకంటే బాగుండాదని కాదవ్వా. ఇన్నాను, ఇంగ చేయాల్సింది చూస్తా అని."

ఒక సెలవులో వచ్చినప్పుడు మాత్రం టీ లోటా చేతిలోనే పెట్టుకొని చాలాసేపు నిలబడ్డాడు. "అక్కా, బోర్డు ఉండాది" అన్నాడు.

నాకేం అర్థమవుతుంది? ఆయనే విడమరిచి చెప్పాడు. హవల్దారు మీది మెట్టు నాయబ్ సుబేదారు. ఆ మెట్టెక్కాలంటే కొన్ని వారాలు శిక్షణ పొంది, చివర అధికారుల బోర్డు ముందు నిలబడాలి. కవాతు చేయించి చూపించాలి. మ్యాపు చదవాలి. జవాన్లను ఎదురుగా కూర్చోబెట్టి పాఠం చెప్పాలి, అదీ హిందీలో. ఆపైన బోర్డు అడిగినవాటికి జవాబు చెప్పాలి. తప్పితే ఆయనకు మిగిలేది ఇంకొక్క అవకాశమే. అదీ తప్పితే సర్వీసు ముగిసేదాకా హవల్దారే. ముగిసిన మర్నాడు ఇంటిదారి.

జీతం కోసమనుకున్నాను నేను. ఆయన ఆశ వేరే చోట ఉంది.

"నాయబ్ సుబేదారయితే జవాన్లు 'సాబ్' అంటారక్కా. మా నాయన యా ఆఫీసుకు పోయినా చేతులు కట్టుకొని, సాబ్ సాబ్ అంటా గోడకానుకొని నిలబడేవాడు. నేను చిన్నోన్ని, పక్కనే ఉండేవాన్ని. ఆయన కొడుకును ఎవరన్నా సాబ్ అని పిలిస్తే మా యమ్మ ఒగసారి ఇనాల. నాయన ఎట్లా ఇనలేడు."

అంత పొడుగు మాట ఆయన నోట నేను వినడం అదే మొదలు. చెప్పేసి, లోటా కడిగి బోర్లించి వెళ్లిపోయాడు.

నేను బడి ముఖం చూడలేదు. మా తాతగారు ఇంట్లోనే కూర్చోబెట్టి తెలుగు, లెక్కలు నేర్పారు. ఆపైన హిందీ కూడా ఇంట్లోనే చదివించి పరీక్షలు రాయించారు. పెళ్లయ్యాక ఆ హిందీ అటకెక్కింది. ఇది ఎందుకు నేర్చుకున్నానా అని నవ్వుకునేదాన్ని. స్వామి ఏదీ ఊరికే ఇవ్వడని ఆ సెలవులో తెలిసింది. ఆయన హిందీ జవాన్లుండే బారకాసుల్లో పట్టుబడ్డ హిందీ. మాట్లాడితే గలగలా వచ్చేది గానీ, పాఠం చెప్పడానికి నిలబడితే వాక్యం మధ్యలో తెలుగు దూరేది. దాన్ని ఏరిపారేయడం నా పని. బియ్యంలో రాళ్లు ఏరినట్టే.

పాఠం మా పెరట్లో జరిగేది. సైన్యంలో ఇసుకతో నేల నమూనా చేసి దాని మీద చూపిస్తారట. మా ఇంట్లో ముగ్గుపిండే ఇసుక. బోర్లించిన గిన్నెలు నల్లమల కొండలు. గిన్నెల చుట్టూ ముగ్గుతో గీతలు గీసేవాడు, ఎత్తు తెలియడానికి. గీతలు దగ్గర దగ్గరగా ఉంటే కొండ నిటారుగా ఉన్నట్టు, ఎడంగా ఉంటే ఏటవాలు. నాకు ఆ విద్య ఇప్పటికీ గుర్తుంది.

"ముందు ఉత్తరం పట్టుకోవాలక్కా. మన వాకిట్లో నిలబడితే నంద్యాల రోడ్డు ఉత్తరం, అహోబిలం తూర్పు. స్వామి తూర్పున ఉండాడు. ఈ రెండూ మర్చిపోకుంటే నువ్వు లోకంలో యాడికి పోయినా తప్పిపోవు" అనేవాడు. కళ్లు మూసుకొని గిర్రున నాలుగు చుట్లు తిరిగి, ఆగి, ఉత్తరం వైపు చెయ్యి చాపేవాడు. ఒక్కనాడూ తప్పింది లేదు. వాళ్ల పాప పగలబడి నవ్వేది.

పాఠం అయ్యాక బోర్డు. నవారు మంచం మీద దుప్పటి పరిచి అవ్వను కూర్చోబెట్టేవాడు. ఆమె ప్రెసిడెంటు. నేను, ఆయన భార్య మెంబర్లం. ఎదురుగా బిగుసుకొని నిలబడి సెల్యూట్ చేసేవాడు గానీ, అవ్వ ముఖం చూడగానే తల వంగిపోయేది. పెద్దల ఎదుట తల దించి మాట్లాడటం మా వైపు మర్యాద. బోర్డు ముందు అది లోపమట.

"నా తల మీద గోడ గడియారం ఉండాది, దాన్ని చూసి చెప్పు" అని అవ్వే ఉపాయం చెప్పింది.

ప్రెసిడెంటు పదవి అవ్వకు బాగా ఒంటబట్టింది. "నీ కింద ఇద్దరు మొగోళ్లు కొట్లాడుకుంటాండారు. ఎవరి పక్క మాట్లాడ్తావు?"

"ముందు ఇద్దరికీ చాయ తాపిస్తానవ్వా. తాగేవరకూ నోరు తెరవలేరు కదా."

"ప్యాసు. నీకే ఎందుకియ్యాలప్పా ప్రమోషను? ఇంగొకరికి ఇస్తే ఏమి?"

దీనికి మాత్రం ఆయన దగ్గర ఏ రోజూ జవాబు లేదు. గడియారం వైపే చూస్తూ నిలబడేవాడు. "ఈ మనిషి ఇయ్యమని అడగలేడమ్మీ. అడిగేది నేర్పు" అని అవ్వ నాకు పురమాయించింది. నాకే రాని విద్య అది, ఏం నేర్పను?

పాఠం చివర "కోయి శక్?" అని అడగాలి. ఏమైనా అనుమానమా అని. ఎదురుగా ఉన్నది పెద్దావిడ కదా, ఉత్తి మాట అనడానికి ఆయనకు నోరు రాదు. "కోయి శక్, అవ్వా?" అనేవాడు. "అనుమానాలేమీ ల్యా గానీ బేగా కానీ. పొయ్యి మీద పప్పు మాడుతాండాది" అని ఆమె లేచేది. సెలవంతా రోజూ ఇదే వరస. మా ఇంట్లో ఆ నెల వినిపించినంత నవ్వు అంతకు ముందు చాలా ఏళ్లుగా లేదు. ఇప్పటికీ దీపం పెట్టినప్పుడల్లా ఆ నెల కోసం ఒక నమస్కారం చేస్తాను.

ఆయన తిరిగి వెళ్లే పొద్దు వచ్చింది. నంద్యాల దాకా బస్సు, అక్కడ రైలు.

ఎవరైనా పనిమీద బయలుదేరితే మంచి మనిషి ఎదురు రావాలంటారు మా వైపు. చేతిలో నీళ్లచెంబుతో ముత్తైదువ వస్తే పని అవుతుందంటారు. నాలాంటివాళ్లు వస్తే, బయలుదేరినవాళ్లు లోపలికెళ్లి నీళ్లు తాగి, కాసేపు కూర్చొని మళ్లీ బయలుదేరతారు. నన్ను నేరుగా ఎవరూ ఒక మాట అనలేదు. నేనే నేర్చుకున్నాను. ఇంట్లోంచి ఎవరైనా వెళ్తున్న అలికిడి కాగానే వంటింటి తలుపు చాటుకు జరిగేదాన్ని. పట్టించుకునే పని కూడా కాదు, కొంగు సర్దుకున్నంత అలవాటు.

ఆ పొద్దున కూడా అక్కడే నిలబడి ఉన్నాను. బూట్ల చప్పుడు వీధిలోకి వెళ్లింది. మళ్లీ వెనక్కి వచ్చింది. వంటింటి గడప దగ్గర ఆగింది.

"లోపలికి రావచ్చునా అక్కా?"

నేను తలుపు రెక్కను ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాను.

"నేను పోయేటప్పుడల్లా నువ్వు యాడుంటావో నాకు తెలుసు. ఈసారి నువ్వే ఎదురు రావాల."

"వద్దు నాయనా. నీది పెద్ద పని. మీ ఇంటామె ఉంది కదా."

"పాఠం నేర్పింది నువ్వు. ఎదురు ఇంగొకరు రావాల్నా? బస్సు టైమయితాంది. రా అక్కా."

నేను వెళ్లాను. మా వాకిట్లోంచి ఆయన వైపు నడిచింది పదడుగులు కూడా ఉండదు గానీ, వీధి వీధంతా నన్నే చూస్తున్నట్టనిపించింది. దగ్గరికి రాగానే బిగుసుకొని సెల్యూట్ చేశాడు. పెరట్లో ప్రెసిడెంటుకు చేసినటువంటిదే. చేసి, నంద్యాల బస్సెక్కడానికి వెళ్లిపోయాడు.

బోర్డు అయ్యాక ఆయన భార్యకు ఫోనొచ్చింది. తప్పాడు.

వీధి కుళాయి దగ్గర రెండు బిందెలు నిండేలోపు మాట పుట్టింది. నేను కుళాయికి వెళ్తే మాటలు ఆగేవి. పక్కింటామె ఒకతె మాత్రం ఆగలేదు. "పాపం, అంత చదివినాడు. ఎదురెవరొచ్చినారో చూసుకోవద్దా మనిషి?" అంది, నాకు వినపడాలనే. నేను బిందె ఎత్తుకొని వచ్చేశాను. ఆనాటి నుంచి ముందు వాకిలి వైపే పోలేదు. స్వామికి దండం పెడుతూ, ఆయన తప్పింది నా వల్ల కాదని ఒక్కసారి చెప్పు తండ్రీ అని అడిగాను. ఆయన ఎప్పుడూ వెంటనే చెప్పడు.

కొన్నాళ్లకు హవల్దారు వచ్చాడు. సాయంత్రం వేళ, అందరూ అరుగుల మీద ఉండే సమయం. బస్టాండు నుంచి నడిచి వచ్చి, ఇంట్లోకి పోకుండా వీధి నడిమధ్య ఆగాడు. భుజం మీది సంచి కింద పెట్టాడు. మడమలు కలిపి నిలబడ్డాడు. ఆయన కవాతు గొంతు మేము పెరట్లో విన్నాం గానీ, వీధి వినడం అదే మొదలు.

"అందరూ ఇనండప్పా. నేను బోర్డులో తప్పినా. మ్యాపు మీద ఉత్తరం తప్పు పెట్టినా. ఉత్తరం తప్పితే మిగిలినేవన్నీ తప్పుతాయి. తప్పు నా చేతిది. ఇంగెవరిదీ కాదు. కోయి శక్?"

పక్కింటామె అరుగు మీంచి లేచి లోపలికి వెళ్లింది. తన గురించి నాలుగు మాటలు చెప్పుకోవడానికి నోరు రాని మనిషి, "నీకే ఎందుకియ్యాల" అంటే గడియారం వైపు చూసే మనిషి, తన ఓటమిని నడివీధిలో నిలబడి చాటింపు వేశాడు. కిటికీ దగ్గర నిలబడి విన్నాను. కొంగు నోట్లో కుక్కుకున్నాను.

కాసేపటికి వంటింటి గడప దగ్గర అదే గొంతు. "లోపలికి రావచ్చునా అక్కా?"

టీ ఇచ్చాను. "ఉత్తరం నువ్వు తప్పు పెట్టడమేందప్పా? కండ్లు మూసుకొని చూపించేవాడివి" అన్నాను.

"తప్పుతాదక్కా ఒక్కోసారి." టీ తాగి, లోటా బోర్లించి, "ఠీక్" అన్నాడు.

మరుసటి ఏడాది చివరి అవకాశం. మళ్లీ సెలవు, మళ్లీ ముగ్గుపిండి, మళ్లీ నవారు మంచం. ఈసారి ఒక్క తేడా. పాఠం చివర "కోయి శక్?" అని ఆపేసి, పెదవి బిగబట్టి, గోడ వైపు చూసేవాడు. అవ్వకు కోపమొచ్చింది. "ఏమప్పా, నన్నడగవా? పెద్దదాన్నయిపోయినాననా?" ఆయన నవ్వి, సెల్యూట్ దించాక అప్పుడు, "ఇప్పుడు చెప్పవ్వా, ఏమన్నా అనుమానమా?" అనేవాడు. ఎందుకలా మార్చాడో మేమెవ్వరం అడగలేదు.

బయలుదేరే పొద్దున ఆయన తల్లి పల్లె నుంచి ముందే దిగింది. దిష్టి తీయడానికి నిమ్మకాయలు తెచ్చింది. పక్కింటామెతో మాట్లాడి, నీళ్లబిందెతో ఆమెనే ఎదురు రమ్మని ఏర్పాటు చేసింది. ఆ తల్లిని నేను తప్పుపట్టను. కొడుకు చివరి అవకాశం. ఏ తల్లయినా అదే చేస్తుంది. నేను తలుపు చాటున నా చోట్లో నిలబడ్డాను.

పక్కింటామె బిందెతో ఎదురొచ్చింది. "సంతోషం వదినా" అన్నాడు హవల్దారు. అని, అక్కడే నిలబడ్డాడు.

"పో నాయనా, మంచి గడియ దాటిపోతాది" అంది తల్లి.

"అక్క రాలేదింకా."

"బుద్ధుందా నీకు? ఒగసారి చూసినావు కదా?"

"చూసినా. మ్యాపు తప్పు నాదని చెప్పినా కదమ్మా."

"బస్సు పోతాదిరా."

"పోనీ."

కవాతు నేలమీద నిలబడ్డట్టు నిలబడిపోయాడు. తల్లి నుదురు కొట్టుకుంది. ఆయన భార్య నేనున్న తలుపు వైపూ, తన అత్త వైపూ చూస్తోంది. నాకు ఏడుపొచ్చింది. వెళ్తే ఆ తల్లి గుండె పగులుతుంది, వెళ్లకపోతే ఆయన కదలడు. అప్పుడు నవారు మంచం కిర్రుమంది. అవ్వ లేచి కూర్చుంది.

"అమ్మీ, నేను ప్రెసిడెంటును చెప్తాండా. ఆర్డరు. పో."

వెళ్లాను. వెళ్లేముందు ఆయన తల్లి ముఖం ఒకసారి చూశాను. ఆమె కళ్లు మూసుకొని దండం పెట్టుకుంటోంది. హవల్దారు సెల్యూట్ చేసి, సంచి ఎత్తుకొని, బస్సు కోసం పరుగెత్తాడు. దొరికిందని తరవాత తెలిసింది.

ఆ బోర్డు పాసయ్యాడు. పల్లె నుంచి తల్లి వచ్చి, అందరికంటే ముందు నా నోట్లో బెల్లం పెట్టింది. అహోబిలం వెళ్లి మొక్కు తీర్చుకున్నాం. అక్కడితో కథ అయిపోయి ఉంటే ఎంత బాగుండేదో.

పాసవడం ఒకటి, పై మెట్టెక్కడం ఇంకొకటి. పాసైనవాళ్లది ఒక వరస ఉంటుందట. పైన ఖాళీ వస్తే ఒక్కొక్కరినే పిలుస్తారట. ఫోనొచ్చినప్పుడల్లా అవ్వ అడిగేది, "ఖాళీ వచ్చిందా?" అని. వరసలో ఆయన ముందు ఉన్నవాళ్లు ఒక్కొక్కరే ఎక్కుతున్నారు. ఆ ఎదురుచూపులోనే ఆయన తల్లి పోయింది. ఆయన వంతు రాకముందే సర్వీసు ముగిసింది. నా ఎదురు మంచిదో చెడ్డదో తేల్చడానికి ఇంక వీధికి కూడా ఆధారం దొరకలేదు. పాసయ్యాడు, నాయబ్ సుబేదారు కాలేదు. రెండూ నిజమే.

నల్ల ట్రంకుపెట్టెతో ఇంటికి వచ్చిన రోజు నేరుగా అవ్వ దగ్గరికి వచ్చాడు. అప్పటికి అవ్వ మంచం దిగలేని స్థితిలో ఉంది. చూపు కూడా మందగించింది.

"లోపలికి రావచ్చునా అవ్వా?"

అవ్వ గొంతును బట్టి గుర్తుపట్టింది. "రా సాబు" అంది.

ఆయన గడప మీదే ఆగిపోయాడు.

"నేను ప్రెసిడెంటును. నా బోర్డులో నువ్వు ఎప్పుడో ప్యాసు. రా, కూచో సాబు."

మా ఇంట్లో ఎన్నడూ కూర్చోని మనిషి, మంచంకోడు పక్కన నేలమీద కూర్చున్నాడు. తల మంచం పట్టెకు ఆనించాడు. అవ్వ చెయ్యి తడుముకుంటూ ఆయన తలమీద ఆగింది. నేను టీ పెట్టే మిషతో లోపలికి వెళ్లాను. ఆ రోజు ఆయన నోట ఠీక్ అన్న మాట రాలేదు.

తరవాత నంద్యాలలో ఒక బ్యాంకులో గార్డుగా కుదిరి, సంసారం అక్కడికే మార్చాడు. అవ్వ పోయినప్పుడు వచ్చి పాడె మోశాడు. నేను ఒకసారి ఏదో పనిమీద ఆ బ్యాంకుకు వెళ్తే, వచ్చీపోయేవాళ్లందరికీ అద్దం తలుపు తీసి పట్టుకొని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి మడమలు కలిపి సెల్యూట్ చేశాడు. లోపలున్నవాళ్లంతా ఏ అధికారి వచ్చిందోనని తిరిగి చూశారు. నేనూ ఒక నమస్కారం చేశాను. అదే ఆఖరి చూపు.

ఓబులమ్మ చెప్పిన మర్నాడు నంద్యాల వెళ్లాను. వాకిలి బయట ఆయన చెప్పులు జంటగా, ముక్కులు వీధి వైపు తిరిగి అలాగే ఉన్నాయి. ఎవరూ కదిలించలేదు. పటం ముందు ఒక పెద్దాయన కూర్చొని ఉన్నాడు. బండి ఆత్మకూరు వైపు మనిషి, హవల్దారుతో కలిసి పనిచేసి సుబేదారుగా రిటైరైనాయన. నేనెవరో హవల్దారు భార్య చెప్పగానే లేచి నిలబడ్డాడు.

"పాఠం చెప్పిన అక్క మీరేనామ్మా?"

మాటల్లో మొదటి బోర్డు సంగతి వచ్చింది. మ్యాపులో తప్పాడు పాపం అన్నాను. ఆయన వింతగా చూశాడు.

"మ్యాపులోనా? ఎవరు చెప్పినారమ్మా మీకు? మాకందరికీ మ్యాపు నేర్పిందే ఆయప్ప. ఆ దినం మ్యాపులో మొదట నిలబడింది తనే. తప్పింది పాఠంలో. పాఠం బెమ్మాండంగా చెప్పినాడు. చివర్న కర్నలు సాబ్ కండ్లలోకి చూసి, 'కోయి శక్, అవ్వా?' అన్నాడు."

నేను హవల్దారు భార్య వైపు తిరిగాను.

"కర్నలు సాబ్ అవ్వ ఎవరని అడిగినాడు. ఈయప్పకు అబద్ధం రాదు కదా. మా ఇంటి ప్రెసిడెంటు సాబ్ అని చెప్పినాడు. బోర్డంతా నవ్వినారు. ఎగతాళికేం కాదులేమ్మా, మంచోళ్లే. కానీ ఈయప్ప గొంతు పోయింది. తరవాత అడిగినేవాటికి ఒక్కదానికీ నోరు లేవలేదు."

హవల్దారు భార్య తల వంచుకొని చెప్పింది. "నాకు తెలుసక్కా. మీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు. 'అవ్వకు తెలిస్తే ఇంగ మంచం మీద ప్రెసిడెంటుగా కూచోదు. అక్క ఇంగ పాఠం చెప్పదు. మ్యాపని చెప్తా, మ్యాపుకు నొప్పి ఉండదు' అన్నాడు."

తనకు అన్నిటికంటే బాగా వచ్చిన విద్యనే తప్పిందని వీధి మధ్య నిలబడి చెప్పాడు. ఉత్తరం తప్పు పెట్టానన్నాడు. అబద్ధం రాని మనిషి మా ఇంటి కోసం ఆడిన ఒకే ఒక్క అబద్ధం అది. పటం వైపు చూడలేకపోయాను. స్వామీ, ఇలాంటి మనిషి గడప దాకా వచ్చి రావచ్చునా అని అడిగే భాగ్యం నాకు ఎందుకిచ్చావని మాత్రం అనుకున్నాను.

ఆ పూట అక్కడే ఉండిపోయాను. వాళ్ల పాప ఇప్పుడు నర్సు చదువు ముగించింది. మర్నాడు పొద్దున కర్నూలులో ఉద్యోగానికి ఇంటర్వ్యూ. తండ్రి పోయిన నెలలోపే పోవాల్సి వచ్చిందని ఏడుస్తూనే తయారైంది. ఆటో వచ్చి వీధిలో ఆగింది. పాప చెప్పులేసుకొని బయటికి నడిచింది. తల్లి కోసం చూశాను. కనిపించలేదు.

ఎక్కడుంటుందో నాకు తెలుసు. వంటింటి తలుపు చాటున, చెయ్యి గొళ్లెం మీద పెట్టుకొని, ఖాళీ నుదుటితో నిలబడి ఉంది. ఎవరూ చెప్పకుండానే నేర్చుకుంది, నాలాగే. నేను గడప ఇవతలే ఆగాను.

"లోపలికి రావచ్చునా అమ్మా?" అన్నాను.

ఆమె తలెత్తి చూసింది. ఆ గొంతులో ఎవరు వినిపించారో, ఒక్కసారిగా భోరుమంది. నేను చెంబుతో నీళ్లు ముంచి ఆమె చేతికిచ్చాను. వీధిలో పాప ఆటో ఎక్కకుండా నిలబడే ఉంది. "అమ్మ యాడ?" అని అడుగుతోంది. ఆటో అతను తొందర పెడుతున్నాడు. పాప కదలలేదు. ఆ నిలబడటం ఎక్కడి నుంచి వచ్చిందో నేను వేరే చెప్పక్కర్లేదు.

తల్లి చెంబుతో ఎదురు వెళ్లింది. నేను వాకిట్లో ఆ చెప్పుల పక్కన నిలబడి చూశాను.

ఆ ఉద్యోగం వచ్చిందో లేదో ఇది రాసేనాటికి ఇంకా తెలియలేదు. రావాలనే మొక్కుకున్నాను. రాకపోయినా, ఆ పిల్ల మళ్లీ బయలుదేరే రోజున అమ్మ కోసమే ఆగుతుందని నాకు తెలుసు.

ఇంతవరకు చదివిన మీకు నా కృతజ్ఞతలు. మిమ్మల్ని ఒక్కటే అడుగుతాను. మీరు ఏ పరీక్షకో, ఏ పెద్దపనికో బయలుదేరి గడప దిగాక, ఒకసారి వెనక్కి తిరిగి మీ వంటింటి తలుపు వైపు చూడండి. దాని చాటున ఎవరైనా ఉంటే పిలవండి. పిలిచేటప్పుడు మా హవల్దారును తలుచుకోండి. పేరు తెలియకపోతే ఏం, సాబ్ అనుకోండి చాలు.